తెల్లకాయితం మీది మల్లయ్య

సర్వేకు వచ్చిన వేణుమాధవ్ ఆ రోజు పొద్దున్నుంచి పదకొండు ఇళ్ళు కొలిచాడు. ప్రతి ఇంటి దగ్గరా ఒకటే గొడవ. గోడ మాదంటే మాదని, మోరీ మీది బండ కూడా మాదేనని. పన్నెండోది సారవ్వ ఇల్లు. ఆ ఇంటికీ పక్కనున్న షాహీదా ఇంటికీ నడుమ కంచె కట్టిన చిన్న తోట ఉంది. రెండు గుంటలు, అంటే అయిదు సెంట్లు ఉంటుంది. నిమ్మచెట్టు, జామచెట్టు, మల్లెపొదలు, పందిరెక్కిన బీరతీగ, ఓ మూల పుదీనా.

“ఈ తోట ఎవరిదవ్వా?” అని అడిగాడు వేణుమాధవ్.

“మాది కాదు బిడ్డా,” అంది సారవ్వ.

అతను షాహీదా వైపు తిరిగాడు. “అయితే మీదా అమ్మా?”

“అయ్యో, మాది కాదు సార్. అక్కదే. పుదీన తెంపాలన్నా నేను అక్కనే అడుగుత.”

“నన్నెందుకు అడుగుతవే? నాదని ఎన్నడన్న అన్ననా?”

“నీళ్ళు నువ్వే పోస్తవు గదా మరి.”

“నీళ్ళు పోస్తె అయితదా? రోజు గుడి వాకిలి కడుగుత. గుడి నాదయితదా?”

వేణుమాధవ్ టేపు చుట్టేసి అరుగు మీద కూలబడ్డాడు. “నాకు ఈ నౌకరి వచ్చి ఆరేండ్లయింది. మాది అని కొట్టుకున్నోళ్ళను చూసిన గాని, కాదు కాదని కొట్టుకున్నోళ్ళను ఇయ్యాల్నే చూస్తున్న.”

సారవ్వ అతనికి మజ్జిగ ఇచ్చింది. షాహీదా అందులో పిండమని నిమ్మకాయ తెచ్చింది, అదీ ఆ తోటదే. అతను మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, నెమ్మదిగా చెప్పాడు. ఎవరి పేరూ లేని జాగాను సర్కారు జాగా అని రాసుకోవాలి. అలా రాసుకున్నాక కంచె పీకేస్తారు. తరవాత తన చేతిలో ఏమీ ఉండదు.

“సోమవారం దాక ఆగుత అవ్వా. కాయితం ఉంటే కాయితం తియ్యిన్రి. లేకుంటే తెలిసిన సాక్షులను పట్టుకరాన్రి. ఎవలదో ఒకలది కావాలె గదా.”

ఎవరిదో ఒకరిది. ఆ ఒకరు ఎవరో సారవ్వకూ తెలియదు.

ఆమెది మంథని వైపు పల్లె. పెళ్ళయిన పదేళ్ళ దాకా అత్తగారి ఊళ్ళోనే ఉండిపోయింది. భర్త సదయ్య బొగ్గుబాయిలో టబ్బులు నింపేవాడు. వారానికోసారి ఊరికి వచ్చి, పిల్లల్ని ఎత్తుకుని, మళ్ళీ షిఫ్టుకు వెళ్ళిపోయేవాడు. గోదావరిఖని అంచున ఈ రెండు గదులు లేపిన తరవాతే వాళ్ళను తెచ్చుకున్నాడు. వచ్చిన మొదటి రోజు ఆమె చూసింది పక్కనున్న ఈ కంచెనే. లోపల మోకాలెత్తు గడ్డి తప్ప ఏమీ లేదు.

“ఇది గూడ మనదేనా?” అని అడిగింది.

“మనది కాదు. ఒకలది. చూసుకుంట ఉండు. అడిగిన్నాడు ఇచ్చేద్దాం.”

“ఎవలది?”

“అది అడగకు.”

సదయ్య అబద్ధమాడే మనిషి కాదు. అవసరానికి మించి చెప్పే మనిషీ కాదు. ఆమె మళ్ళీ అడగలేదు. గడ్డి పీకింది. మొక్కలు నాటింది. ఎవరో పని మీద ఊరికి పోతూ తన ఒళ్ళో కూర్చోబెట్టి వెళ్ళిన బిడ్డను సాకినట్టు ఆ నేలను సాకింది. పూలు రామాలయానికి పోయేవి. నిమ్మకాయలు ఎవరింట్లో జ్వరమొస్తే వాళ్ళింటికి పోయేవి. రంజాన్ నెల్లాళ్ళూ పుదీనా అంతా షాహీదా వంటింటికే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి ఇంట్లో గిన్నెలు గలగలమన్నప్పుడల్లా, ముందుగా తోటలోకి వెళ్ళి జామపిందెలు రాలాయేమో చూసుకునేది.

సదయ్య పోయి పద్నాలుగేళ్ళయింది. పెన్షను మూడేళ్ళు తీసుకున్నాడో లేదో, ఒకనాడు పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే వెళ్ళిపోయాడు. తోట ఎవరిదో చెప్పలేదు. ఎవరూ వచ్చి అడగలేదు.

కొడుకు జైపాల్ డ్యూటీ నుంచి వచ్చి సంగతంతా విన్నాడు. అతను కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడుపుతాడు. మంచివాడే. కాకపోతే రెండు గదుల ఇంట్లో పెళ్ళాం, పెద్ద చదువుకొచ్చిన బిడ్డ, తల్లి. వానాకాలమైతే తను అరుగు మీద పరదా కట్టుకుని పడుకుంటాడు.

“నీకేమన్న తిక్కనా అవ్వా? మాది కాదని ఎందుకన్నవ్? ముప్పయ్యేండ్ల నుంచి నీళ్ళు పోస్తున్నవ్. మాదంటే ఐపాయె. ఒక అర్ర ఏసుకుందుము.”

“మీ నాయన మనది కాదన్నడు బిడ్డా.”

“అయితే ఎవలదో గూడ చెప్పిపోవాలె గదా.”

ఆ మాటతో సారవ్వకు సదయ్య రేకుపెట్టె గుర్తొచ్చింది. మరునాడు స్నానం చేసి, దీపం పెట్టి, పెట్టె తెరిచింది. పెన్షను పుస్తకాలు, పాత డ్యూటీ చీటీలు, పిల్లల బడి ఫోటోలు. అన్నిటికీ అడుగున ఓ ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతల తెల్లకాయితం దొరికింది. మడతల దగ్గర చిరుగులు పట్టింది. ఆమె అయిదు దాకా చదువుకుంది. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. సదయ్యతో బాయిలో పనిచేసిన ఎల్లన్న, సదయ్య ఇంటి పక్కనున్న తన రెండు గుంటల జాగాను కనుకుంట్ల మల్లయ్యకు అమ్మి, పూర్తి సొమ్ము ముట్టించుకుని, ఖుషీతో రాసిచ్చిన కాయితం. కింద ఎల్లన్న వేలిముద్ర. సాక్షి సంతకం సదయ్యది. రిజిస్ట్రీ ముద్ర లేదు, స్టాంపు లేదు. ఆ కాలంలో ఈ చుట్టుపట్ల జాగాలన్నీ ఇట్లాగే చేతులు మారాయి. మాట మీద కొన్నారు, తెల్లకాయితం మీద రాసుకున్నారు.

అయితే ఈ మల్లయ్య ఎవరు? సదయ్య జతగాళ్ళందరూ ఆమెకు తెలుసు. వాళ్ళలో ఆ ఇంటిపేరు మల్లయ్య లేడు.

జైపాల్ కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “మంచిగైంది. గా మల్లయ్య ఉన్నడో పోయిండో. ఉంటే ఇన్నేండ్లు రాకపోవునా? కాయితం మన పెట్టెల దొరికింది, నాయిన సంతకమున్నది. సార్‌కు ఇది చూపియ్యకు. ముప్పయ్యేండ్ల సాగు అని చెప్పు, చాలు. మల్లయ్య రాడు, మల్లన్న దేవుడూ రాడు.”

“దేవుని మీద జోకులెయ్యకు,” అంది సారవ్వ. నవ్వొచ్చినా ఆపుకుంది. “అమ్మినోడు ఉన్నడు గదా. ఎల్లన్న కాకను అడిగొస్త.”

గుడి దగ్గర కూర్చునే పాత కార్మికులను అడిగితే, ఎల్లన్న బసంత్‌నగర్‌లో బిడ్డ ఇంట్లో ఉంటున్నాడని చెప్పారు. శనివారం పొద్దున్నే ఆమె బయలుదేరింది. జైపాల్ ముఖం ముడుచుకునే ఉన్నాడు. కోడలు యమున మాత్రం మొగుడు చూడకుండా సంచిలో రెండు రొట్టెలు, నీళ్ళ సీసా పెట్టి, “జల్ది రా అత్తమ్మా, ఎండ ఉన్నది” అని గుసగుసగా అంది. బస్సులో కాలేజీ పిల్ల ఒకతె అడగకుండానే లేచి సీటిచ్చింది. సిమెంటు లారీల నడుమ దిగాక చాయ్ హోటలాయనను ఇల్లెక్కడని అడిగితే, “చెప్తే దొరకదు గాని పా అవ్వా” అంటూ పొయ్యి మంట తగ్గించి, వాకిలి దాకా వచ్చి దిగబెట్టి పోయాడు. మనుషుల్లో దేవుడు ఎంత తేలిగ్గా తిరుగుతున్నాడో అనుకుంది సారవ్వ.

ఎల్లన్న ఎండలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటినవాడు. చెవులు మందగించాయి గాని చూపు బాగానే ఉంది.

“సదయ్య పెండ్లామువా? నీ చేతి సర్వపిండి తిన్న బిడ్డా నేను. టిఫిన్ల కట్టిస్తే మీ ఆయన సగం నాకే పెట్టెటోడు.”

“కాకా, నువ్వు మా ఇంటి పక్కన జాగ మల్లయ్యకు అమ్మినవట. ఆ మల్లయ్య ఏడున్నడు?” ఆమె చెవి దగ్గర వంగి గట్టిగా అడిగింది.

ఎల్లన్న ఆమెను కాసేపు చూసి, బోసినోటితో నవ్వాడు. “ఏడున్నడంటవేంది? నీ పక్కింట్లనే ఉండె గదా. పోయి పదేండ్లు దాటె.”

“పక్కింట్లనా? పక్కింట్ల ఉన్నది ముజఫర్ అన్న. సైకిల్ షాపాయన.”

“ఆయన్నే. ఆయన్నే మల్లయ్య.”

సారవ్వ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. ఎల్లన్న తాపీగా, నడుమ నడుమ దగ్గుతూ చెప్పుకొచ్చాడు.

అసలు మల్లయ్య గోదావరి అవతలి పిల్లగాడు. బాయిలో నౌకరి దొరికి, మస్టరులో, అంటే హాజరు పుస్తకంలో, పేరు ఎక్కి, మొదటి రోజు సదయ్యతో, ఎల్లన్నతో కలిసి కిందికి దిగాడు. ఆ చీకటికీ, నెత్తి మీద కప్పు చేసే చప్పుడుకీ గుండె జారి, పైకొచ్చి లైటు పారేసి ఉరికినవాడు మళ్ళీ కనబడలేదు. భీవండికి మగ్గాల మీదికి పోయాడని తరవాత తెలిసింది. మరునాడు గేటు దగ్గర పని కోసం నిలబడ్డ ముజఫర్‌ను పని చేయించే సర్దార్ పిలిచి, మల్లయ్య పేరు మీది హాజరు బిళ్ళ చేతిలో పెట్టాడు. “ఇయ్యాల్టి సంది నువ్వే మల్లయ్యవు” అన్నాడు. అప్పట్లో అట్లాంటివాళ్ళు ఎందరో. ఇంట్లో ఒక పేరు, బాయి మీద ఇంకో పేరు.

“ఎనిమిదేండ్లు చేసిండు బిడ్డా ఆ పేరు మీద. పైసా పైసా కూడబెట్టి నా జాగ కొన్నడు. జీతాల రోజు బాయి మీదనే రాసుకున్నం. రాసింది మస్టర్ క్లర్కు, మంచి దస్తూరి ఆయనది. ఆయనేం రాస్తడు? మస్టర్ల ఉన్న పేరే రాసిండు. నేను చూస్తున్న, మీ ఆయన చూస్తున్నడు, ముజఫర్ చూస్తున్నడు. ఎవ్వలం నోరు తెరవలే. నా పేరు మల్లయ్య కాదని ఆయనంటే అక్కడికక్కడ నౌకరి పోతది.”

“తర్వాతనన్న మార్చుకోవద్దా కాకా?”

“ఎట్ల మారుస్తడు? ఏడాదికే మారుపేర్ల మీద ఎంక్వైరీ అన్నరు. జైలంట, కేసంట. భయపడి నౌకరి ఇడిచిపెట్టి సైకిల్ షాపు పెట్టిండు. కాయితం ఇంట్ల ఉంటే దొరుకుతనని మీ ఆయనకిచ్చిండు. నీ నోట్ల మాట ఆగదని నీకు చెప్పకపాయె సదయ్య.”

“నా నోట్ల ఆగదా?”

“బోరింగు కాడ నువ్వు ముచ్చట పెడితే మంచిర్యాల దాక వినొస్తదనెటోడు.” ఎల్లన్న మళ్ళీ నవ్వాడు. సారవ్వకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

తిరుగు బస్సులో రొట్టె తుంచింది గాని నోట్లో పెట్టుకోలేదు. ఏటా వానలకు ముందు ముజఫర్ షాపు మూసి, గడ్డపార పట్టుకుని వచ్చి, ఆ కంచె సరిచేసేవాడు. “బర్లు జొరబడతయి అక్కా, మీ తీగలు ఖరాబైతయి” అనేవాడు. ఎంత మంచి మనిషి, మా కోసం ఎండలో కష్టపడుతున్నాడు అనుకుని ఆమె చాయ్ ఇచ్చేది. తన జాగాకు తను కంచె కట్టుకుని, పరాయివాడిలా చాయ్ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళేవాడు. ఒక్కనాడు కూడా లోపలి చెట్టు నుంచి కాయ తెంపలేదు.

ఇంకో మాట కూడా ఆమె తనతో తను ఒప్పుకుంది. ఆ మల్లయ్య దొరకకూడదని తన మనసులో ఓ మూల ఉండింది. పొద్దున బస్సెక్కేటప్పుడు దేవుణ్ణి ఆమె ఏమీ కోరలేదు. కోరితే ఏం కోరుతుందోనని భయపడింది. ఇప్పుడు ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఎల్లన్న బసంత్‌నగర్ దాటి రాడు. తను నోరు మూసుకుంటే తోట తనది, జైపాల్‌కు ఓ గది వస్తుంది. నోట్లో మాట ఆగదని సదయ్య అన్నాడట. ఈ ఒక్క మాట ఆపగలనా అనుకుంది. బస్సు గోదావరిఖని చేరేసరికి ఆపలేనని తెలిసిపోయింది.

ఇంటికి పోకుండా నేరుగా షాహీదా వాకిట్లోకే వెళ్ళింది. షాహీదా బియ్యం చెరుగుతోంది. సారవ్వ ఆమె పక్కనే కూర్చుని అంతా చెప్పి, కాయితం చేతిలో పెట్టింది. షాహీదాకు తెలుగు చదవడం రాదు. ఆ కాయితాన్ని చెంగుతో తుడిచింది.

“బాయిల చేసిండని తెలుసు అక్కా. ఏ పేరు మీద అంటే నా నోటి మీద చెయ్యి పెట్టెటోడు. జాగ కొన్నట్టు చెప్పలే. పోయేటప్పుడు గూడ, ‘నీకు ఏం ఇయ్యలేకపోయిన’ అన్నడు.” ఆమె కాయితాన్ని మడతల వెంట మడిచింది. తరవాత కాయితాన్ని తిరిగి సారవ్వ ఒళ్ళో పెట్టింది. “నాకొద్దు. నువ్వే పెట్టుకో.”

“గదేంది?”

“ఇది బయట పెడితే ఆ పేరు గూడ బయట పెట్టాలె. ఇంకోని పేరు దొంగతనం జేసిండని బస్తీల అంటరు. బతికున్నన్ని రోజులు దానికే భయపడ్డడు. పోయినంక నేను అనిపియ్యాల్నా? జాగ నీది అక్కా. ఖుషీతోటి చెప్తున్న.”

ఇక అడ్డేమీ లేదు. సొంతదారే ఇస్తానంటోంది. అడిగిన్నాడు ఇచ్చేద్దాం అన్నాడు సదయ్య. అడగకపోతే ఏం చేయాలో చెప్పలేదు.

“దొంగతనం ఏమున్నది చెల్లె,” అంది సారవ్వ. “ఒకడు పారేసి ఉరికిండు, ఈయన ఎత్తుకున్నడు. ఎనిమిదేండ్లు చెమటోడ్చిండు. ఆ చెమటను గూడ దాచిపెడదామా? ఎవలన్న ఏమన్న అంటే నా దిక్కు తోలు. నా నోరు సంగతి నీకు తెల్వదా.”

షాహీదా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కాని ఒప్పుకోలేదు. కొడుకు నజీర్ మెకానిక్ షాపు నుంచి వచ్చి, విని, తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని దక్నీ ఉర్దూలో చాలాసేపు మెల్లగా చెప్పాడు; అబ్బా పేరు అబ్బాకు తిరిగి రావాలంటున్నాడని సారవ్వకు అర్థమైంది. అప్పుడు తలూపింది.

జైపాల్‌కు చెప్పినప్పుడు అతను కోపంగా ఏమీ అనలేదు. అంటే బాగుండేది. “నీ ఇష్టం అవ్వా” అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆదివారమంతా తల్లితో మాట్లాడలేదు. ఆమె దేవుడి దగ్గర కూర్చుని, నా కొడుకు ఇల్లు ఇరుకైంది గాని మనసు ఇరుకు కానియ్యకు తండ్రీ అని మొక్కుకుంది.

సోమవారం నజీర్ ఆటో మాట్లాడుకుని వెళ్ళి ఎల్లన్నను తెచ్చాడు. ముసలాయన కొత్త ధోవతి కట్టుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. వేణుమాధవ్ కాయితం చదివి, చెప్పింది విని, నుదురు రుద్దుకున్నాడు.

“తాతా, కాయితంల మల్లయ్య అని ఉన్నది. రేపు ఆ భీవండి మల్లయ్య పిల్లలొచ్చి మాదంటే?”

“ఎట్లంటరు? నేను పేరుకు అమ్మలే బిడ్డా, మనిషికి అమ్మిన. పైసలిచ్చిన చెయ్యి ఈమె పెనిమిటిది. నేను, సదయ్య, ఆయన, ముగ్గురం ఈ జాగల అడుగులేసి కొలుసుకున్నం. కావాల్నంటే రామాలయంల ప్రమాణం చేస్త.”

“ప్రమాణం ఒద్దు తాతా. ఇద్దరూ ఒక్కరే అని పంచనామా రాస్త, వేలిముద్ర పెట్టు చాలు. ఇంకో సాక్షి కావాలె.”

“నేనున్న,” అంది సారవ్వ.

“మీరు ఇన్నేండ్ల నుంచి సాగు చేస్తున్నరు అవ్వా. సాక్షి సంతకం పెడితే రేపు మాదనడానికి ఉండదు. సమజయిందా?”

“సమజయింది.”

“ఇంట్ల వాళ్ళకేమన్న అభ్యంతరం ఉన్నదా?” అతను జైపాల్ వైపు చూశాడు.

జైపాల్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. సారవ్వ అటు చూడలేదు, చూస్తే బతిమాలినట్టు ఉంటుందని. షాహీదా తల దించుకుంది. జైపాల్ మెల్లగా వచ్చి, కాయితం ఒకసారి ఇవ్వమని అడిగి తీసుకున్నాడు. ఆ రోజు తిప్పి తిప్పి చూసినవాడు, ఇప్పుడు కింద ఒక్క చోటే చూశాడు. సదయ్య సంతకం. గట్టిగా అదిమి రాసిన మూడు అక్షరాలు, చివరిది గీత దాటి కిందికి జారింది. బడికి పోని మనిషి, సంతకం వరకే నేర్చుకున్నాడు.

“మా నాయినే సాక్షి ఉన్నంక నాకేం అభ్యంతరం ఉంటది సార్,” అన్నాడు. “రాయిన్రి.” కాయితాన్ని జాగ్రత్తగా మడిచి షాహీదా చేతికే ఇచ్చాడు. తరవాత లోపలికి పోయి, వేణుమాధవ్ ఒళ్ళో పెట్టుకుని రాసుకోవడానికి బిడ్డ చదువుకునే పీట తెచ్చి ముందు పెట్టాడు.

ఎల్లన్న వేలిముద్ర వేశాడు. సారవ్వ పెన్ను పట్టుకుని, పేరులోని ప్రతి అక్షరాన్నీ ముగ్గు దిద్దినట్టు దిద్దింది.

“చదువుత, ఇనున్రి. తప్పుంటే చెప్పున్రి,” అన్నాడు వేణుమాధవ్. అతను సర్కారు గొంతుతో గబగబా చదువుకుంటూ పోయాడు. ఒక చోట మాత్రం నెమ్మదించాడు. “బొగ్గుబాయి మస్టరులో కనుకుంట్ల మల్లయ్య అని పిలవబడిన ముజఫర్, ఇద్దరూ ఒక్కరే అని, సదరు జాగా ఆయన కష్టార్జితమని, ఆయన భార్య షాహీదా దీనికి హక్కుదారని...”

షాహీదా నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నజీర్ తల్లి భుజం పట్టుకున్నాడు.

“సార్,” అంది షాహీదా, “గది ఇంకొక్కసారి చదువుతరా? ఆయన పేరు ఉన్న కాడ.”

వేణుమాధవ్‌కు ఇంకా ఏడు ఇళ్ళు కొలవాల్సి ఉంది. అతను పెన్ను పక్కన పెట్టి, కాయితం కాస్త దగ్గరికి తీసుకుని, ఈసారి ఇంట్లో పెద్దవాళ్ళకు ఉత్తరం చదివి వినిపించినట్టు, మెల్లగా మొదటి నుంచి చదివాడు.